బీరువాలో సర్వరు

వీరరాఘవరావు గారు తాళం వెయ్యని వస్తువు చిక్కడపల్లిలో ఏదైనా ఉందంటే, అది ఇంకా ఆయన కంటపడలేదని అర్థం.

నేను ఆయన ఇంట్లో పైపోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాను. గేటుకు తాళం, వరండా గ్రిల్లుకు తాళం లోకంలో ఉన్నవే. ఈయన నీళ్ళ సంపు మూతకు తాళం వేస్తారు. మోటారు స్విచ్చుకు చెక్కపెట్టె చేయించి దానికి తాళం వేస్తారు. పేపరు కుర్రాడు నా పేపరు విసిరితే, నేను మొహం కడుక్కుని కిందికి దిగేలోపు దాన్ని గేటు పక్క డబ్బాలో పెట్టి తాళం వేసేస్తారు. నా బండికి హ్యాండిల్ లాక్ ఉంది కదా అంటే, అది కంపెనీవాడి తాళం, దాని గుట్టు కంపెనీవాడికి తెలుసు అని ముందు చక్రానికి గొలుసు తగిలించారు. ఆ గొలుసు చెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. ఆయన స్నానానికి వెళ్ళిన సమయంలో నాకు ఆఫీసుకు ఆలస్యమైతే, బాత్రూం తలుపు బయట నిలబడి నా బండి నాకిప్పించమని బతిమాలుకోవాలి.

వెయ్యడంతో అయిపోదు. వేసిన తాళాన్ని లాగి చూడాలి. టకటకా లాగి, ఊడి రాలేదని రూఢి చేసుకుని, నాలుగడుగులు వేసి, అనుమానం వచ్చి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగాలి. ఒకసారి ఆయనతో కలిసి నారాయణగూడలో ఒక పెళ్ళికి బయల్దేరాను. మెయిన్ రోడ్డు దాకా వెళ్ళడం, తాళం లాగి చూడటానికి వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. మేం చేరేసరికి పెళ్ళివారు గిన్నెలు లెక్కపెట్టుకుంటున్నారు. వంటవాళ్ళు మిగిలిన పులిహోర పొట్లం కట్టి ఇస్తే తిరిగొచ్చాం.

ఇంతటి మనిషి గొడుగులు మాత్రం పోగొట్టుకుంటూనే ఉంటారు. గుడి దగ్గర చెప్పులు పోతే, పోతే పోయాయిలే అని ఉత్తకాళ్ళతో ఇంటికొచ్చేస్తారు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఎన్నడూ బోధపడలేదు. ఖజానా శాఖలో చేసి రిటైరయ్యారు కాబట్టి తాళాల జబ్బు అక్కడ అంటుకుని ఉంటుందని సరిపెట్టుకున్నాను.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున నన్ను కిందికి పిలిచి, "రమాకాంత్, మన ఇంటికి ఒక తలుపు తెరవాలయ్యా. బయటివాళ్ళు లోపలికి రావడానికి" అన్నారు. తాగుతున్న కాఫీ నాకు పొరబోయింది.

హాల్లో టీపాయి మీద ఒక పాత కంప్యూటరు డబ్బా కూర్చుని ఉంది. దాన్ని సర్వరు అంటారని, ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా ఏ ఊరి నుంచైనా దాన్ని తెరిచి అందులో ఉన్నది తీసుకునేలా చెయ్యాలని, అందుకు రౌటరులో ఏవో మార్చాలని, ఆ పని నేను చెయ్యాలని చెప్పారు. నేను నారాయణగూడలో ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, పోటీ పరీక్షల ప్రశ్నల పుస్తకాలు టైపు చేస్తాను. వధువు పేరు ముందు ఏం పెట్టాలో తెలుసు గానీ, రౌటరు పొట్టలో ఏముంటుందో నాకెలా తెలుస్తుంది? ఆ మాటే చెప్పాను. ఆయన వినలేదు. కీబోర్డు ముట్టుకున్నవాడల్లా ఇంజనీరేనని ఆయన నమ్మకం.

ఎక్కడో చదివినట్టున్నారు, ఆయనే నాకు పాఠం చెప్పారు. రౌటరు అంటే గేటు దగ్గర వాచ్‌మన్ అట. లోపలివాళ్ళు బయటికి వెళ్తామంటే పంపిస్తాడట. బయటివాడు తనంతట తాను వస్తే మాత్రం రానివ్వడట. ఫలానా తలుపు దగ్గరికి ఎవరొచ్చినా మన సర్వరు దగ్గరికి తీసుకురమ్మని వాడికి చెప్పి పెట్టాలట.

"ఎవ్వల్ని రానియ్యడంటే మంచిదే గద సార్" అన్నాను. "గసుంటి వాచ్‌మన్ మీకు మళ్ల దొరుకుతడా?"

"అదీ నిజమేననుకో" అని ఆయన కాసేపు రౌటరు వైపు ప్రేమగా చూశారు.

ఇంతకీ అందులో ఏం పెడతారని అడిగితే చెప్పలేదు. ఆన్‌లైన్‌లో బోలెడు కంపెనీలు చోటిస్తాయి, అక్కడ దాచుకోవచ్చు కదా అంటే, పరాయివాడింట్లో పెడితే తాళంచెవి పరాయివాడి దగ్గరే ఉంటుందన్నారు. పోనీ ఫోనులో పంపించెయ్యండి అంటే, ఫోనులో ఉంచితే ఏమైందో చూశాంగా అని నాలుక కరుచుకున్నారు. చూసింది ఎవరో, ఏమైందో నాకేం తెలుసు. తల ఊపాను.

రౌటరు అడుగున అంటించిన చీటీలో దాని లోపలికి వెళ్ళే పాస్‌వర్డు ఉంది. పేరు అడ్మిన్, పాస్‌వర్డు కూడా అడ్మినే. చదివి వినిపించగానే ఆయన మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళూ తాళం వేసి, చెవి దానికే వేలాడదీసి పడుకున్నామా అని కుర్చీలో కూలబడ్డారు. వెంటనే నన్ను గోడవైపు తిరగమని, కొత్త పాస్‌వర్డు కొట్టారు. కీబోర్డు చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. అంత గట్టి పాస్‌వర్డు దొంగలకు తెలియదు సరే, మర్నాటికి ఆయనకూ తెలియలేదు.

తాళంచెవి పోయిన తాళాన్ని విరగ్గొట్టినట్టు, రౌటరును మొదటికి తేవడానికి వెనకాల సన్నటి చిల్లు ఒకటి ఉంటుంది. అందులో గుచ్చడానికి రాజ్యలక్ష్మి గారు, అంటే ఆయన శ్రీమతి, గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చారు. గుచ్చగానే మళ్ళీ అడ్మిన్. మళ్ళీ ఆయన గుండెలు బాదుకోవడం, మళ్ళీ నేను గోడవైపు తిరగడం, మళ్ళీ మర్నాడు పిన్నీసు. ఆవిడ విసిగిపోయి ఆ పిన్నీసును రౌటరు పక్కనే గోడకు గుచ్చి పెట్టారు.

నా వల్ల కాదని తేలాక, మా గల్లీకి ఇంటర్నెట్ తీగలు లాగే ఎల్లేశాన్ని పిలిచాను. నడివయసు మనిషి, భుజాన నిచ్చెన లేకుండా నేనెప్పుడూ చూడలేదు. అంతా విని, మీరెన్ని తలుపులు తెరిచినా లాభం లేదు, మీ ఇంటికసలు సొంత నంబరే లేదని తేల్చేశాడు.

రాఘవరావు గారు ఆయన్ని చెయ్యిపట్టి గేటు దగ్గరికి తీసుకుపోయి, గోడకున్న ఇంటి నంబరు పలక చూపించారు. తుడిచి మరీ చూపించారు.

"అది మున్సిపాలిటీ నంబర్ సార్. నేను చెప్పేది ఇంటర్నెట్ల నంబర్" అన్నాడు ఎల్లేశం. "కంపెనోళ్ళు గల్లీ మొత్తానికి ఒక్కటే నంబర్ ఇచ్చిన్రు. అశోక్‌నగర్ల హాస్టల్ ఉంటది. ఉత్తరం మీద హాస్టల్ పేరే ఉండి, పోరని పేరు లేకపోతే పోస్ట్‌మన్ ఎవలకిస్తడు? గట్లనే ఇది."

నాకు ఇంకా అయోమయంగానే ఉంది గానీ రాఘవరావు గారికి హాస్టల్ అనగానే వెలిగింది. మర్నాడు కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, మా ఇంటికి విడిగా నంబరు కావాలని దరఖాస్తు ఇచ్చి, ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటానన్నారట. రోజూ వెళ్ళి కూర్చున్నారు. సాయంత్రం వాళ్ళు షట్టరు దించి తాళం వేస్తుంటే, దాన్ని కూడా లాగి చూసేవారని ఎల్లేశం చెప్పాడు. ఆ బాధ పడలేక నంబరు ఇచ్చేశారు.

ఈలోగా నేను గమనించినవి రెండు. మధ్యాహ్నం భోజనమవగానే ఆయన వెనక గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంటున్నారు. లోపలి నుంచి సన్నగా గొణుగుడు వినిపిస్తుంది. రాజ్యలక్ష్మి గారు అది జపమంటారు. పాస్‌వర్డు కంఠస్థం చేస్తున్నారేమోనని నా అనుమానం. రెండోది, సాయంత్రం అయ్యేసరికి ఆయనకు ఒక ఫోను వస్తుంది. "ఇంకా తెరుచుకోలేదమ్మా. రేపు చూద్దాం" అని చెప్పి పెట్టేస్తారు. పెట్టేశాక ఆ పూట టీ కూడా తాగరు.

ఒకరోజు ఉండబట్టలేక ఎవరని అడిగేశాను.

"ఒకమ్మాయికి మాటిచ్చాను రమాకాంత్" అన్నారు. "వచ్చే నెల గ్రూప్స్ పరీక్ష. ఆలోగా ఈ తలుపు తెరుచుకోకపోతే ఆ పిల్లకు ఈ ఏడాదీ పోయినట్టే. నా మాటా పోయినట్టే."

పరీక్ష రాసే అమ్మాయికీ, మా హాల్లో ఉన్న డబ్బాకూ ఏం సంబంధం? మా ప్రెస్సులో ప్రశ్నల పుస్తకాలు ఉన్నాయి, రెండు ఇమ్మంటే ఇస్తానన్నాను. ఆయన నవ్వి, గ్రిల్లుకు తాళం వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మొదటిసారి ఆ మనిషి మీద జాలేసింది. తలుపులు మూయడమే తెలిసినవాడికి ఒక్క తలుపు తెరుచుకోకపోవడం ఎంత కష్టమో.

కొత్త నంబరు రాగానే ఎల్లేశం వచ్చి, రౌటరులో తలుపు తెరిచి, అది సర్వరుకు దారి చూపేలా చేసి, తన ఫోను పట్టుకుని గల్లీ చివరిదాకా నడిచి వెళ్ళాడు. అక్కడి నుంచి తెరిస్తే తెరుచుకుంది. రాఘవరావు గారు నమ్మలేక ఆయనతో పాటు గల్లీ చివరికి వెళ్ళి చూసొచ్చారు. రాజ్యలక్ష్మి గారు రవ్వకేసరి చేశారు. ఎల్లేశం తిని, నిచ్చెన భుజానేసుకుని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నానికల్లా సర్వరు ఆగిపోయింది. నా పైపోర్షన్‌లో వైఫై కూడా పోయింది.

ఎల్లేశాన్ని పిలిస్తే వచ్చాడు. చూస్తే అన్నీ నిక్షేపంగా నడుస్తున్నాయి. వెళ్ళాడు. ఆగిపోయాయి. వచ్చాడు, నడిచాయి. తీగ మార్చాడు, ప్లగ్గు మార్చాడు, రౌటరే మార్చాడు. ఎల్లేశం గుమ్మంలో ఉన్నంతసేపూ అన్నీ బుద్ధిగా ఉండటం, ఆయన దోమలగూడ దాటేలోపు చచ్చిపోవడం. రాజ్యలక్ష్మి గారు ఎవరి దిష్టో తగిలిందని రౌటరుకు ఉప్పు తిప్పి పారేశారు. ఎల్లేశాన్ని కూడా కిరాయికి దింపుకుంటే పోతుందని నేను సలహా ఇచ్చాను. పాపం ఎల్లేశానికి తన చదువు మీదే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసుల ఇసుంటి రౌటర్‌ను చూడలేదన్న అని నాతో చెప్పుకుని దిగులుపడ్డాడు. పరీక్ష దగ్గర పడుతోంది. సాయంత్రం ఫోను వస్తూనే ఉంది.

ఒక పొద్దున నా బండి గొలుసు తీయించుకోవడానికి కిందికి దిగాను. రాఘవరావు గారు స్నానంలో ఉన్నారు. హాల్లో సోఫా నిండా పట్టుచీరలు, గదంతా కలరా ఉండల వాసన. ఏమ్మా, పెళ్ళా పేరంటమా అని రాజ్యలక్ష్మి గారిని అడిగాను.

"బీరువాలో చోటు లేదు నాయనా" అన్నారావిడ. "సర్వరు ఉందిగా."

నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాను. పడకగదిలోకి వెళ్ళి చూస్తే ఇనప బీరువా లోపల నుంచి సన్నగా రొద. వెనక వెల్డింగువాడితో చిల్లు పెట్టించినట్టున్నారు, తీగలు అందులోంచి లోపలికి వెళ్తున్నాయి. తలుపు మీద చెయ్యి వేశాను. దోసె పోయొచ్చు.

రాఘవరావు గారు తువ్వాలుతో వచ్చి ఏమీ దాచలేదు. ఎల్లేశం వచ్చినప్పుడు ఆయనకు వీలుగా ఉంటుందని సర్వరునూ రౌటరునూ తీసి టీపాయి మీద పెడుతున్నారు. ఆయన వెళ్ళగానే జాగ్రత్తగా రెంటినీ బీరువాలో పెట్టి, తాళం వేసి, లాగి చూస్తున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక ఎల్లేశం ఏం పడతాడు.

ఎల్లేశం వచ్చి బీరువాను చూసి నిచ్చెన కింద పెట్టేశాడు. తన చదువుకేమీ కాలేదని మొహం వెలిగిపోయింది. "సార్, ఇనుప బీరువల పెడితే వైఫై బయటికెట్ల వస్తది? గాలి ఆడక లోపల పొయ్యి లెక్క కాలుతున్నది. కాలినంక దానంతట అదే బంద్ అయితున్నది. జర బయట పెట్టున్రి. ఆ డబ్బా ఎవడెత్తుకపోతడు, పాతసామాన్లోడు గూడ కొనడు."

"నాదైతే గుమ్మంలోనే పెడుదును" అన్నారు రాఘవరావు గారు. "అది నాది కాదు ఎల్లేశం. ఉద్యోగమంతా ఖజానాలో తాళాలు వేశాను. లోపలున్నదాంట్లో ఒక్క పైసా నాది కాదు. నాది కాదు కాబట్టే వేశాను."

అప్పుడు నాకు తలలో ఏదో గడియ తీసినట్టయింది. డబ్బాలో పేపరు నాది. గొలుసు వేసిన బండి నాది. సంపులో నీళ్ళు ఇంటిల్లిపాదివీ. చెప్పులూ గొడుగులూ ఆయనవి.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. ఆ అమ్మాయి పేరు మంజుల. జనగామ పక్క పల్లెటూరు. పుట్టుకతోనే చూపు లేదు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివేది. ఫోను ఇంగ్లిషైతే చదివి వినిపిస్తుంది గానీ, తెలుగు గైడు పేజీని ఫొటో తీసి పెడితే తలాతోకా లేకుండా వాగుతుందట. చిక్కడపల్లి లైబ్రరీకి వచ్చి ఎవరైనా చదివి వినిపిస్తారా అని అడిగేది. అక్కడ అందరూ ఎవరి పరీక్షకు వాళ్ళు తలమునకలై ఉంటారు. పేపర్లు చదవడానికి వెళ్ళే రాఘవరావు గారు ఖాళీ. బయట మెట్ల మీద కూర్చుని ఆ అమ్మాయికి పుస్తకాలు చదివారు. ఆమె అవి ఫోనులో రికార్డు చేసుకుంది. హాస్టల్లో ఆ ఫోను ఎవరో కొట్టేశారు. చదివిందంతా దాంతోపాటే పోయింది. ఇక తన వల్ల కాదని మంజుల ఊరికి వెళ్ళిపోయింది.

"మళ్ళీ మొదటి నుంచి చదువుతాను, ఈసారి పోనివ్వను అన్నాను" అన్నారు రాఘవరావు గారు. "వాళ్ళమ్మ ఫోనులోనో, అన్న ఫోనులోనో, ఎందులో తెరిచినా దొరకాలి. ఎవరూ ఎత్తుకుపోకూడదు."

మధ్యాహ్నం గొణుగుడు అదన్నమాట. ఎందుకు దాచారని రాజ్యలక్ష్మి గారు అడిగితే, నా గొంతు విని నువ్వు నవ్వుతావని అన్నారు. ఆవిడ నవ్వలేదు. ఈ మాట ముందే చెబితే చీరలు నేనే తీసిచ్చేదాన్ని కదా అన్నారు. అని, అటక మీదికి చూపించారు.

"పాలు పిల్లి తాగకుండా పెట్టుకునేవాళ్ళం చూడండి, చెక్కకు వల కొట్టిన జాలీ అలమర. అది దించండి. గాలీ ఆడుతుంది, తాళమూ పడుతుంది."

ఎల్లేశం నిచ్చెనకు ఆ రోజు సరైన పని దొరికింది. అలమర దించి, దుమ్ము దులిపి, పాల గిన్నెలుండే అరలో సర్వరును, పెరుగు అరలో రౌటరును పెట్టాం. రాఘవరావు గారు తాళం వేసి లాగి చూశారు. మేం ముగ్గురం జాలీలోంచి తొంగి చూశాం. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎల్లేశం వెళ్ళాడు. అయినా వెలుగుతూనే ఉన్నాయి. పట్టుచీరలు బీరువాలోకి వెళ్ళాయి.

సాయంత్రం ఫోను వచ్చింది. "తెరుచుకుందమ్మా" అన్నారాయన. అవతల ఇంకో ఫోను అందుకున్న అలికిడి. కాసేపటికి ఆ ఫోనులోంచి రాఘవరావు గారి గొంతే రాఘవరావు గారికి వినిపించింది. మంజుల వినడం మొదలుపెట్టేసింది.

నేనూ విన్నాను. ప్రాథమిక హక్కుల పాఠం. ఇరవై ఒకటో అధికరణం, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ అని నింపాదిగా చదువుతున్నారు. అంతలో, "ఒక్క నిమిషం ఉండమ్మా." చెప్పులు దూరంగా వెళ్ళిన చప్పుడు. టక్ టక్ టక్. చెప్పులు దగ్గరికొచ్చిన చప్పుడు. "ఆఁ, పడే ఉంది. ఇరవై రెండో అధికరణం. అరెస్టయినవారికి ఉండే రక్షణలు." ప్రతి పాఠంలోనూ ఇంతే. సిగ్గుపడిపోతున్న ఆయన్ని చూసి, ఆ చప్పుళ్ళు కోసేయడం నాకు వచ్చని చెప్పాను. రౌటరు తెలియకపోయినా కత్తిరించడం మా వృత్తి కదా.

"వద్దన్నా, కొయ్యకున్రి" అంది ఫోనులో మంజుల. "ఆ సప్పుడు వింటుంటే సార్ మెట్ల మీద నా పక్కన్నే ఉన్నట్టుంటది."

పరీక్ష అయ్యాక మంజుల చిక్కడపల్లి వచ్చింది. ఎలా రాశావమ్మా అంటే, రాజ్యాంగంలో ఒక ప్రశ్న దగ్గర ఇరవై ఒకటో, ఇరవై రెండో తేలక ఆగిపోయానని చెప్పింది. మరేం చేశావన్నారు రాఘవరావు గారు ఆత్రంగా.

"అరెస్టు సంగతి తాళం లాగినంకనే గద సార్ మీరు చదివింది. ఇరవై రెండే అని నాకు రాసేటామెతోని పెట్టించిన."

ఆయన పొంగిపోయి ఆమెను జాలీ అలమర దగ్గరికి తీసుకెళ్ళారు. మంజుల తాళాన్ని తడిమి చూసి, టకటకా లాగింది. "ఇదే సప్పుడు" అంది.

ఆమెను ఆటో ఎక్కించడానికి ఇద్దరూ బయల్దేరారు. రాఘవరావు గారు మాటల్లో పడి ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. ఆయన గొడుగు మా మెట్ల మీదే ఉండిపోయింది. దాన్ని తెచ్చి నా గదిలో పెట్టాను. గొడుగు నాది కాదు కదా, అందుకని తలుపుకు తాళం వేసి, ఒకసారి లాగి చూసి, ఆఫీసుకు వెళ్ళాను.